అరుగు మీద సర్వే రాయి

ఆ మంగళవారం ఉదయం బంగారురాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. గరివిడి నుంచి పెళ్ళివారు ఇత్తడి సామాన్లు కొనడానికి వస్తామని కబురు పెట్టారు. వాళ్ళు ఆటో దిగేసరికి కొత్త బిందెలు అరుగు మీద వరసగా, ఎండ తగిలేలా ఉండాలి. అంతే. అరుగు మీద మెరిసిన సరుకు మనిషిని మెట్టెక్కిస్తుంది. మెట్టెక్కిన మనిషి బేరం మొదలుపెడతాడు. బేరం మొదలుపెట్టినవాడు మాట పోతుందన్న మొహమాటానికైనా ఏదో ఒకటి కొని దిగుతాడు. విజయనగరం కావిళ్ళ వీధిలో తాతల నాటి నుంచి ఆ కొట్టు నడుస్తున్నది ఈ సూత్రం మీదే. లోపల సరుకు ఎంతున్నా సరే, బంగారురాజు దృష్టిలో అసలు పెట్టుబడి అరుగే.

అతను స్కూటరు దిగేసరికి ఆ పెట్టుబడిని ఇద్దరు కూలీలు గునపాలతో పొడుస్తున్నారు. పక్కనే సర్వేయరు మోహనకృష్ణ టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఏటిది? ఎవుల్నడిగి తవ్వతన్నారు?" అని బంగారురాజు కేకపెట్టాడు.

"వీధి వెడల్పు చెయ్యాలని పట్టణ వీధుల కమిటీ తీర్మానించిందండి. హద్దు రాళ్ళు పాతమన్నారు," అన్నాడు మోహనకృష్ణ, రోజుకు నలభై కొట్ల ముందు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో. "రోడ్డు ఈ రాయి దాకా వస్తుంది. రాయికి ఇటున్నది మీది, అటున్నది కమిటీది."

బంగారురాజు చూశాడు. రాయికి ఇటున్నది కొట్టు గుమ్మం. అటున్నది అరుగు మొత్తం.

వ్యాపారం చేసే మనిషి కనుక నష్టాన్ని పూర్తిగా లెక్కకట్టే దాకా ఏడవడు. లెక్క పూర్తి కావాలంటే వీధికి అవతల పక్క కూడా చూడాలి. చూశాడు. ఎదురుగా నారాయణమూర్తి బట్టల కొట్టు. అక్కడ కూడా రాయి పాతారు. అది అరుగు దాటి, మెట్లు దాటి, మురుగు కాలువ దాటి, ఎవరికీ పట్టని మట్టిలో నిలబడి ఉంది. నారాయణమూర్తి అరుగుకు గీత కూడా పడలేదు. పైగా ఆయన చల్లటి మజ్జిగ తెప్పించి కూలీలకు పోయిస్తున్నాడు.

అప్పుడు వచ్చింది బంగారురాజుకు అసలు ఏడుపు.

ఇద్దరి అరుగులూ పోతే అది వీధికి వచ్చిన కష్టం. తనదొక్కటే పోతే అది తనకు జరిగిన అవమానం. అందులోనూ ఆ రెండోవాడు నారాయణమూర్తి అయితే అది భరించదగిన అవమానం కాదు. ఎందుకంటే నారాయణమూర్తి తోడల్లుడు. కోటబొమ్మాళిలో ఒకే ఇంటి పిల్లల్ని చేసుకున్నారు ఇద్దరూ. ఆయన పెద్దమ్మాయి పార్వతీదేవిని, ఇతను చిన్నమ్మాయి హైమని. అత్తవారింట్లో ఫ్యాను కింది మంచం ఎప్పుడూ ఆయనదే. చేప తలకాయ ఎప్పుడూ ఆయన కంచంలోకే. తను దుకాణానికి కొత్త బోర్డు పెట్టిస్తే, ఆయన వారం తిరక్కుండా వెలిగి ఆరే బోర్డు పెట్టిస్తాడు. సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు బంగారురాజు తన గల్లాపెట్టె కంటే ముందు ఎదురు కొట్టు మెట్లు దిగేవాళ్ళ చేతుల్లో సంచులు చూసుకుంటాడు. అవి నిండుగా ఉంటే తనకు ఎంత బేరం జరిగినా ఆ రోజు అన్నం సహించదు.

"ఆల పక్క ఒగ్గీసి నా పక్కే ఎందుకు కొలిసినారు?"

"రోడ్డు మధ్య గీత కాగితం మీద తిన్నగా వస్తుందండి. మీ వరస కొట్లన్నీ ముందుకు జరిగి కట్టారు. మీ తాతగారు అందరికంటే ఇంకొంచెం ముందుకు జరిగారు," అని మోహనకృష్ణ తరవాతి కొట్టుకు నడిచాడు.

అవతలి నుంచి నారాయణమూర్తి గొంతు వినిపించింది. "బాధపడకు తమ్ముడూ! గవర్నమెంటోలు ఏదో ఒకటి ఇస్తారులే. కావాలంటే నీ బిందెలు నాలుగు నా అరుగు మీద పెట్టుకో."

ఆ నాలుగు బిందెల మాటను బంగారురాజు బాకీల ఖాతాలో రాసుకున్నాడు.

ఇంతలో పెళ్ళివారి ఆటో వీధి మలుపు తిరిగింది. బంగారురాజు బుర్ర చురుగ్గా పని చేసింది. అరుగు కూలగొట్టబోయే కొట్టులో సరుకు ఎవరైనా సగం ధరకే అడుగుతారు. రాయి కనపడకూడదు. కొట్టులోని అన్నిటికంటే పెద్ద ఇత్తడి బిందె తెచ్చి రాయి మీద బోర్లించాడు. చుట్టూ చిన్న బిందెలు పేర్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. అదే కొంప ముంచింది. పెళ్ళివారి ముసలావిడ మెట్టెక్కుతూనే ఆ పెద్ద బిందె మీద చెయ్యి వేసింది.

"ఇదిగో, ఇది కావాల మాకు."

"అది కాదమ్మా, లోపల అలాటివే ఉన్నాయి, రండి."

"నాకిదే నచ్చినాది. ఎందుకు ఇవ్వవు? సొట్టేటైనా ఉన్నాదా?"

సొట్ట అన్న మాట వీధిలో పడితే సరుకంతటికీ అంటుకుంటుంది. బంగారురాజు తొందరపడ్డాడు. "అది అమ్మోరి బిందమ్మా. కదపకూడదు," అనేశాడు.

ముసలావిడ చటుక్కున చెయ్యి తీసి దండం పెట్టింది. అంతటితో అయిపోవలసిందే. కానీ అరుగు చివర పూలు అమ్ముకునే లక్ష్మణమ్మ అప్పుడే మార్కెట్టు నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. "మా అరుగు మీద అమ్మోరేటి, నాకు తెల్దే!" అని వంగి బిందె ఎత్తింది. కింద కొత్త రాయి. సర్వే వాళ్ళ అలవాటు కొద్దీ దాని నెత్తిన ఎర్ర రంగు పూశారు. అది ఇంకా తడి ఆరక మిలమిలలాడుతోంది.

"ఓలమ్మోలమ్మో! మంగళారం పూట ఎలిసిందమ్మా తల్లి!" అని లక్ష్మణమ్మ బుట్టలోని బంతిపూలన్నీ రాయి మీద కుమ్మరించింది. పెళ్ళివారు కొన్న సామాన్లలోంచి కొత్త పళ్ళెం ఒకటి తీసి రాయి ముందు పెట్టి మరీ వెళ్ళారు.

మధ్యాహ్నానికి వీధి ఆడవాళ్ళందరూ పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చేశారు. పక్క కొట్టు కిరాణా ఆయన, "అది సర్వేవోలు పొద్దున్న పాతిన రాయి గదా!" అనబోయాడు. లక్ష్మణమ్మ ఆయన మీద విరుచుకుపడింది.

"పాతితే? ఊళ్ళో ఉన్న తల్లులందరూ ఏటి, నడిసొచ్చినారా? ఎవులో ఒకలు పాతిందే గదా. ఎవుల సేత పాతించుకోవాలో ఆ తల్లికి తెల్దా? హద్దుకి పాతినారు, హద్దులమ్మ అయినాది. మొక్కు, మొక్కు."

కిరాణా ఆయన మొక్కాడు.

ఇంటి దగ్గర హైమ మొగుడికి అన్నం వడ్డిస్తూ, "అబద్ధం ఆడితే ఆడినారు. రేపు ఎల్లి నిజం సెప్పీండి," అంది.

బంగారురాజు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అతని కళ్ళలో లెక్కలు తిరుగుతున్నాయి. "ఆగవే. అమ్మోరి ముందు మురుగు కాలువ తవ్వుతారేటి? తల్లి నెత్తి పక్క నుంచి లారీలు పోనిస్తారేటి? పోనివ్వరు. ఈ పక్క కదపలేకపోతే రోడ్డుని ఏ పక్కకి జరుపుతారు?"

"ఏ పక్కకి?"

"మీ బావ పక్కకి."

హైమ గరిటె దించింది. "మన అరుగు మిగిల్తే సాలదా? మా బావ అరుగు పోవాలా?"

"మిగిలితే మంచిదే," అన్నాడు బంగారురాజు న్యాయంగా. "కానీ రెండూ జరిగితే ఇంకా మంచిది గదా."

మర్నాటి నుంచి అతను భక్తుడైపోయాడు. రాయి మీద చిన్న పందిరి వేయించాడు. ఇత్తడి గంట కట్టాడు. వచ్చిన ఆడవాళ్ళు దీపపు కుందులు కొంటున్నారు, హారతి పళ్ళేలు కొంటున్నారు. అరుగు పోతుందన్న రాయే అరుగు మీద బేరం పెంచుతోంది. ఎదురు కొట్టు మెట్ల మీద ఆ రెండు రోజులూ సంచులు పల్చబడ్డాయి. బంగారురాజుకు చాలా రోజుల తరవాత అన్నం సహించింది.

ఆ సుఖం శుక్రవారం దాకానే. శుక్రవారం పొద్దున పార్వతీదేవి వెండి పళ్ళెంలో ఎర్ర పట్టుచీర పెట్టుకుని వీధి దాటి వచ్చింది. "మరిది గారూ, తల్లికి మా ఆయన పంపినారు," అని రాయికి చీర కట్టించింది. చీర బాగుంది. కానీ పందిరి గుంజకు ఒక అట్ట కూడా కట్టించింది. దాని మీద పెద్ద అక్షరాలు: 'చీర సమర్పణ – నారాయణమూర్తి వస్త్రాలయం, ఎదురుగా చూడండి.'

దండం పెట్టిన ప్రతి ఆడమనిషీ తల ఎత్తి అట్ట చదివింది, తల తిప్పి ఎదురుగా చూసింది. సాయంత్రానికి బట్టల కొట్టు మెట్ల మీద సంచులు మళ్ళీ నిండాయి. తన రాయి, తన పందిరి, తన గంట. బేరం మాత్రం తోడల్లుడిది.

బంగారురాజు ఊరుకోలేదు. ఇత్తడి మకరతోరణం చేయించి పెట్టించాడు, తన పేరు చెక్కించి. నారాయణమూర్తి మైకు సెట్టు ఇచ్చాడు. అది పాట పాటకీ మధ్య ఆయన పేరు చెబుతుంది. బంగారురాజు నేలకు పలకలు వేయించాడు. నారాయణమూర్తి పందిరి తీయించి రేకుల కప్పు వేయించాడు, అంచున నిలబెట్టిన రేకు అక్షరాలతో మళ్ళీ పేరు. ఎండ పడితే ఆ పేరు నీడ సరిగ్గా బంగారురాజు గల్లాపెట్టె మీద పడుతుంది.

ఆ నీడలో కూర్చుని అతను ఆఖరి ఎత్తు వేశాడు. చీరకూ, మైకుకూ, రేకులకూ మించినది ఏముంది? స్థలం. నల్లరాతి పలక చెక్కించి అందరి కళ్ళకీ ఎదురుగా గోడకు పెట్టించాడు: 'ఈ అరుగు యావత్తూ హద్దులమ్మ తల్లికి బంగారురాజు, హైమ దంపతుల శాశ్వత సమర్పణ.'

హైమ చదివి నెత్తి కొట్టుకుంది. "ఇదేటి? అరుగు ఇచ్చీసినారేటి?"

"పిచ్చిదానా, లెక్క సూడు. రోడ్డు ఇటొస్తే అరుగు ఎలాగూ పోతాది. పోయేది దానం సేస్తే ఖర్చు నేని పేరు. రోడ్డు అటు పోతే అరుగు ఇక్కడే ఉంటాది, మనమే వాడుకుంటాం. రాయికి అరుగంతా ఎందుకు? ఎటు సూసినా లాభమే. మీ బావ ఇంతకు మించి ఏటి ఇవ్వగలడు సెప్పు? కొట్టు రాసిస్తాడా?"

నిజంగానే నారాయణమూర్తి కొట్టు రాసివ్వలేదు. ఆ సాయంత్రం ఆయన మైకు ఆపించేసి తొందరగా ఇంటికి పోయాడు. బంగారురాజు ఆ పలకను గుడ్డతో తుడిచి, మరోసారి తుడిచి, తృప్తిగా తాళం వేసుకున్నాడు.

వారం తిరిగేసరికి వీధుల కమిటీ స్వయంగా చూడ్డానికి వచ్చింది. అధ్యక్షురాలు కుసుమకుమారి చెప్పులు కింద విడిచి, అరుగెక్కి దండం పెట్టింది. వెనకాల మిగతా సభ్యులూ, మోహనకృష్ణా. మోహనకృష్ణ తను పాతిన రాయిని గుర్తుపట్టలేక కాసేపు టేపు పట్టుకుని వెతికాడు.

"అమ్మా, ఇక్కడ మురుగు కాలువ ఎలా తవ్వుతారు?" అన్నాడు బంగారురాజు వినయంగా.

"ఎలా తవ్వుతామండీ? చూస్తూ చూస్తూ తవ్వలేం," అంది కుసుమకుమారి. "రోడ్డు అటు పక్కకి జరపవలసి వస్తుందేమో ఆలోచిస్తాం."

అటు పక్క అరుగు మీద నిలబడ్డ నారాయణమూర్తి మొహం తెల్లబోయింది. ఆ క్షణం కోసం బంగారురాజు ఇరవయ్యేళ్ళు ఎదురుచూశాడు. కమిటీ వెళ్ళగానే నారాయణమూర్తి వీధి దాటి వచ్చాడు.

"తమ్ముడూ, రోడ్డు నా మీదకి తోసీడానికేనేటి ఈ పూజలన్నీ?"

"నాదేటున్నాది అన్నయ్యా? అంతా తల్లి ఇష్టం. బాధపడకు. కావాలంటే నీ చీరలు నాలుగు మన అమ్మోరి దగ్గర పెట్టుకో."

నారాయణమూర్తి వెనక్కి తిరిగాడు. కానీ ఆయన ఒక్కడే కాదు కదా. రోడ్డు తమ వైపు జరుగుతుందని తెలిసి ఆ వరస కొట్లవాళ్ళందరూ మర్నాడే తాళాలు వేసి కమిటీ ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ళు కూర్చున్నారని తెలిసి ఇటు వరస వాళ్ళు, లక్ష్మణమ్మ వెనకాల ఆడవాళ్ళు, వెళ్ళి వాళ్ళకు ఎదురుగా కూర్చున్నారు. ఇటు జరిపితే అమ్మవారు, అటు జరిపితే వర్తకులు. కమిటీ ఆ మధ్యాహ్నమంతా తలుపులు వేసుకుని చర్చించి సాయంత్రానికి బయటికి వచ్చింది.

"కావిళ్ళ వీధి వెడల్పు పని రద్దు చేశాం," అని కుసుమకుమారి ప్రకటించింది. "కొత్త రోడ్డు పాత గోదాముల వెనక నుంచి వేస్తాం. ఈ వీధిలో ఎవరి అరుగూ పోదు. పాతిన రాళ్ళన్నీ రేపు పీకించేస్తాం."

వీధి వీధంతా కేరింతలు కొట్టింది. కిరాణా ఆయన బంగారురాజును అమాంతం ఎత్తేశాడు. "నీ పున్నెమే బాబూ! నువ్వూ నీ తల్లీ నేకపోతే మా అరుగులన్నీ పోయేవి!" అవతలి వరస వాళ్ళు కూడా వచ్చి చేతులు పట్టుకున్నారు. నారాయణమూర్తి దండ తెచ్చి మెడలో వేశాడు. బంగారురాజుకు కొంచెం వెలితిగానే అనిపించింది, తోడల్లుడి అరుగు కూడా మిగిలిపోయినందుకు. అయినా తనది దక్కింది. దక్కినదాన్ని జమలో వేసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు కూలీలు గునపాలతో వచ్చారు. కొట్టు తరవాత కొట్టు, రాళ్ళన్నీ పీకేశారు. నారాయణమూర్తి తన రాయిని పెరట్లో బట్టలు ఉతకడానికి అడిగి పుచ్చుకున్నాడు. చివరికి బంగారురాజు కొట్టు వచ్చింది. కూలీలు చూశారు, గునపాలు భుజాన వేసుకున్నారు, దండం పెట్టి ముందుకు నడిచారు.

"ఒరే, ఒరే, ఆగండి! ఇదొకటి ఒగ్గీసినారు!"

కూలీలు ఆగలేదు. లక్ష్మణమ్మ ఆగింది. పూలబుట్ట దించి, నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏటి ఒగ్గీసినారు?"

"అదే... రాయి."

"రాయా?" ఆమె గొంతుకు చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. "వీధి అరుగులన్నీ కాపాడిన తల్లి నీకు రాయైపోనాదా? నీ పని అయిపోనాదని పీకీమంటావేటి?"

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. బంగారురాజు పరుగున వెళ్ళి కమిటీ ఆఫీసులో కుసుమకుమారి ముందు నిలబడ్డాడు. "అమ్మా, రాళ్ళన్నీ పీకించేస్తామని మీరే తీర్మానించినారు గదా! నా అరుగు మీదది కూడా పీకించండి."

"మీ అరుగెక్కడిదండీ?" అంది ఆమె నిజంగా ఆశ్చర్యపోయి. "యావత్తూ శాశ్వత సమర్పణ అని నల్లరాతి మీద చెక్కించారుగా. కమిటీ సభ్యులందరం చదివాం. అంత పెద్ద మనసు ఎవరికుంటుంది? అందుకే మీ కొట్టు ముందు స్థలం భక్తులకే వదలాలని, సరుకులేవీ పెట్టకూడదని నిన్ననే ప్రత్యేకంగా తీర్మానం చేశాం. మీ తోడల్లుడు గారే అర్జీ పెట్టి అడిగారు. మీరంటే ఎంత అభిమానమో ఆయనకి!"

ఆ సాయంత్రం హైమ చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, "ఎటు సూసినా లాభమే అన్నారు," అంది.

శుక్రవారం ఉదయం బంగారురాజు కొట్టు తీయడానికి వచ్చేసరికి అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. బిందెలుండే చోట కొబ్బరికాయలు కొడుతున్నారు. గుమ్మం దాకా వరస, వరస తోక వీధి మలుపు దగ్గర. వరస మొదట్లో పట్టు ఉత్తరీయం వేసుకుని, మైకు పుచ్చుకుని నారాయణమూర్తి నిలబడి ఉన్నాడు. మొదటి చీర పెట్టినవాడు కనుక, హద్దులమ్మ తల్లి సేవా సంఘానికి ఆడవాళ్ళు ఆయన్నే పెద్దగా ఎన్నుకున్నారు.

"అన్నయ్యా, దారి ఇప్పించు. నాను కొట్టు తియ్యాల."

"అందరికీ ఏదో ఒక పనుంటాది తమ్ముడూ," అని నారాయణమూర్తి మైకులోనే జవాబు చెప్పాడు, వీధి చివర దాకా వినపడేలా. "సొంత మనిసివని ముందుకి ఒగ్గితే నలుగురూ ఏటంటారు? సెప్పులిప్పి ఎనక్కెల్లి నిలబడు."

బంగారురాజు చెప్పులు విప్పి, తాళం చెవి చేతిలో పట్టుకుని, వీధి మలుపు దగ్గర ఆఖరి మనిషి వెనకాల నిలబడ్డాడు. అక్కడి నుంచి చూస్తే నారాయణమూర్తి అరుగు మునుపటికన్నా వెడల్పుగానే ఉంది.